గూడెం నుంచి మధురపూడి ఎంత దూరం?

తాడేపల్లిగూడెం, పెంటపాడు, నల్లజర్ల, ఉంగుటూరు మండలాల్లో ఏ టీ కొట్టు దగ్గర ఆగినా ఈమధ్య ఒకటే మాట. విమానాశ్రయం వస్తుందట. ఎక్కడ వస్తుందంటే ఒక్కొక్కరు ఒక్కో ఊరి పేరు చెబుతున్నారు. భూమి ఉన్న రైతు రేటు పెరుగుతుందని ఒక పక్క సంతోషిస్తూనే, తన సర్వే నంబరు అందులో పడుతుందేమోనని ఇంకో పక్క భయపడుతున్నాడు. కౌలుకు చేసే రైతు వచ్చే సార్వాకు ఈ చేను ఉంటుందా ఉండదా అని అడుగుతున్నాడు. బ్రోకర్లు మాత్రం ఎవరినీ ఏమీ అడగటం లేదు. అడ్వాన్సులు ఇస్తున్నారు.

పుకారే అని కొట్టిపారేయడానికి లేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని ఎంచుకున్న చోట్లలో మన గోదావరి ప్రాంతంవే రెండు ఉన్నాయి. ఒకటి తాడేపల్లిగూడెం, రెండోది తుని-అన్నవరం. గూడెం దగ్గర వెయ్యి ఎకరాల పైచిలుకు భూమి కావాలని అప్పట్లో పత్రికలు రాశాయి.

మేము విమానాలకు వ్యతిరేకం కాదు. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాం, ఎందుకంటే భూమి గురించి ప్రశ్న అడిగిన ప్రతి రైతునూ అభివృద్ధి నిరోధకుడు అనడం అలవాటైపోయింది. మన పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఆడపడుచులు గల్ఫ్ దేశాలకు వెళ్లి పనిచేసి ఇల్లు నిలబెడుతున్నారు. వాళ్లకు విమానం విలాసం కాదు. మేము అడిగేది ఒకటే ప్రశ్న, అదీ చిన్న ప్రశ్న. గూడెం నుంచి మధురపూడి ఎంత దూరం? గన్నవరం ఎంత దూరం? ఈ లెక్క ఎవరైనా కాగితం మీద పెట్టి, గ్రామసభలో చదివి వినిపించారా?

పటం మీద కొలిస్తే

ఎవరూ వినిపించలేదు కాబట్టి మేమే పటం తీసి కొలిచాం. గాలి దారిన, తిన్నగా గీత గీస్తే ఎంతో చూశాం. అంకెలు ఉజ్జాయింపువే, ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ కావచ్చు.

మధురపూడి నుంచి విశాఖపట్నం విమానాశ్రయం సుమారు 165 కిలోమీటర్లు. మధురపూడి నుంచి గన్నవరం సుమారు 125. ఇవి ఇప్పుడున్నవి. ఇక రాబోయేవి అంటున్నవి చూడండి. తాడేపల్లిగూడెం నుంచి మధురపూడి సుమారు 45 కిలోమీటర్లు. తాడేపల్లిగూడెం నుంచి గన్నవరం 80కి కాస్త పైన. తుని నుంచి మధురపూడి సుమారు 80, తుని నుంచి విశాఖ కూడా దాదాపు అంతే.

అంటే గన్నవరం నుంచి విశాఖ దాకా, గాలిలో మూడు వందల కిలోమీటర్లు కూడా లేని దారిలో, ఇప్పుడు మూడు విమానాశ్రయాలున్నాయి. ఈ రెండూ వస్తే ఐదవుతాయి. విజయనగరం జిల్లాలో భోగాపురాన్ని మేము ఈ లెక్కలో వేయలేదు. అది విశాఖకు బదులుగా కట్టినది.

ఈ దూరాల గురించి మనకంటే ముందు కేంద్ర ప్రభుత్వమే ఆలోచించింది. 2008లో చేసిన గ్రీన్‌ఫీల్డ్ విమానాశ్రయాల విధానంలో 150 కిలోమీటర్ల మాట రాసుకున్నారు. ఇప్పటికే పౌర విమానాలు నడుస్తున్న విమానాశ్రయానికి గాలి దారిన 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే, పాతదాని మీద పడే ప్రభావం తేల్చి, ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోవాలి. పూర్తిగా నిషేధం కాదు. కానీ మామూలుగా కట్టేయకూడదు, కారణం చూపాలి అని దాని అర్థం. గూడెం ఒక పక్క మధురపూడికి, ఇంకో పక్క గన్నవరానికి, రెండింటికీ ఆ 150 లోపే ఉంది. తుని కూడా రెండు వైపులా అంతే. ఆ కారణం ఏమిటో భూమి పోగొట్టుకునే రైతుకు చెప్పాలా వద్దా?

గాలిలో అరగంట, నేల మీద మూడు గంటలు

దూరం తక్కువైతే మంచిదే కదా, త్వరగా చేరతాం కదా అని ఎవరైనా అనొచ్చు. బస్సుకైతే అది నిజం. విమానానికి కాదు.

మధురపూడి లాంటి చోట్లకు తిరిగే చిన్న ఏటీఆర్ విమానం పైకి చేరాక గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మధురపూడి నుంచి శంషాబాద్ గాలి దారిన సుమారు 360 కిలోమీటర్లు, గంటా గంటంబావు ప్రయాణం. అక్కడ విమానం పనికొస్తుంది. రోడ్డు మీద ఏడెనిమిది గంటలు పట్టేది గంటలో అవుతోంది. 2024 డిసెంబరులో మధురపూడి నుంచి ముంబయికి, ఢిల్లీకి నేరుగా పెద్ద విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ గాలి దారిన 1350 కిలోమీటర్ల పైమాట, రెండున్నర గంటల ప్రయాణం. రైల్లో అయితే ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. ఇదీ మంచిదే. దూరం పెరిగేకొద్దీ విమానం విలువ పెరుగుతుంది.

అదే రాజమండ్రి నుంచి విశాఖకు విమానంలో వెళ్లాలనుకోండి. ఇంటి నుంచి మధురపూడికి 18 కిలోమీటర్లు, ఆటోలోనో కారులోనో అరగంటకు పైనే. విమానం బయల్దేరడానికి గంట ముందే కౌంటరు మూసేస్తారు, కాబట్టి అంతకంటే ముందే చేరాలి. గాలిలో అరగంట, కాస్త ఎక్కువ. దిగి, సామాను తీసుకుని, ఊళ్లోకి వెళ్లేసరికి ఇంకో ముప్పావు గంట. మొత్తం మూడు గంటలు దాటింది. ఇందులో విమానం ఎగిరింది అరగంటే. రాజమండ్రి స్టేషనులో వందేభారత్ ఎక్కితే విశాఖ రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. విజయవాడ కూడా అంతే. అదీ ఊరి నడిబొడ్డున దింపుతుంది.

ఇక గూడెం నుంచి మధురపూడి సంగతి చెప్పనక్కరలేదు. 45 కిలోమీటర్లంటే ఆ వేగానికి ఐదారు నిమిషాలు. విమానం పైకి లేచి తన ఎత్తు అందుకోకముందే దిగడం మొదలుపెట్టాలి. అలా ఎవరూ నడపరు, నడపమని ఎవరూ అడగరు కూడా. కాబట్టి గూడెంలో విమానాశ్రయం కడితే అది మధురపూడితో కలిసి పనిచేయదు. మధురపూడి ఎక్కే ప్రయాణికులనే, గన్నవరం ఎక్కే ప్రయాణికులనే పంచుకుంటుంది. హైదరాబాదు వెళ్లే భీమవరం మనిషి ఇవాళ మధురపూడిలోనో గన్నవరంలోనో ఎక్కుతున్నాడు, రేపు గూడెంలో ఎక్కుతాడు. మనిషి అతనే. అటు తగ్గి ఇటు పెరుగుతుంది, అంతే.

ఇది మన ఒక్కరి ఆలోచన కాదు. ఫ్రాన్సు దేశంలో రెండున్నర గంటల లోపు రైల్లో చేరగలిగిన కొన్ని ఊళ్ల మధ్య విమానాలు నడపకూడదని చట్టం చేసి, 2023లో అమల్లో పెట్టారు. డబ్బున్న దేశమే ఆ దూరానికి విమానం దండగ అనుకుంది.

సబ్సిడీ ఉన్నన్నాళ్లే

చిన్న ఊళ్లకు విమానం తేవాలని 2016లో కేంద్రం ఉడాన్ పథకం పెట్టింది. విమానంలో సగం సీట్లు, గంట ప్రయాణానికి 2,500 రూపాయల చొప్పున అమ్మాలని అప్పట్లో పెట్టారు. వచ్చే నష్టాన్ని మూడేళ్ల పాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. ఉద్దేశం మంచిది. ఫలితం ఏమిటో కాగ్ 2023లో లెక్క తేల్చింది. మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 మార్గాల్లో 403 మార్గాలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తిగా నడిచినవి 112. సబ్సిడీ ఆగాక కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54. నూటికి ఏడు.

మన రాష్ట్రంలోనే ఓర్వకల్లు ఉంది. కర్నూలు విమానాశ్రయం 2021 మార్చిలో ప్రారంభమైంది. సుమారు వెయ్యి ఎకరాల మీద కట్టారు. ఈనాటికీ అక్కడ వచ్చిపోయే విమానాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కర్నూలుకు దగ్గరలో ఇంకో విమానాశ్రయం లేకపోయినా అదీ పరిస్థితి. రెండు పక్కలా రెండు విమానాశ్రయాలున్న గూడేనికి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని ఏ లెక్కతో చెబుతున్నారు?

మధురపూడి కథ మనకు తెలిసిందే. బ్రిటిషువాళ్ల కాలం నాటి రన్‌వే అది. 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు కొన్నాళ్లు తిరిగి ఆగిపోయాయి. మళ్లీ విమానాలు వచ్చాక, పెద్దవి దిగాలంటే 1,749 మీటర్ల రన్‌వే చాలదని 3,165 మీటర్లకు పొడిగించారు. అందుకోసం బూరుగుపూడి, మధురపూడి చుట్టుపక్కల రైతులు 850 ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. ఆ భూమి మీద ఇవాళ ఢిల్లీ విమానం దిగుతోంది. కొత్త టెర్మినల్ కడుతున్నారు. ఆ రైతుల త్యాగానికి విలువ రావాలంటే మధురపూడి నిండుగా నడవాలి. 45 కిలోమీటర్ల దూరంలో ఇంకొకటి కట్టి దాని ప్రయాణికులను చీల్చడం ఆ రైతులకు చేసే న్యాయమా?

మన సరుకు విమానం ఎక్కుతుందా

విమానాశ్రయం వస్తే రైతు పంట విమానంలో ఢిల్లీ, దుబాయి పోతుందని చెబుతున్నారు. ఈ మాట మనలో చాలామందికి ఆశ కలిగిస్తోంది. కాబట్టి నిదానంగా చూద్దాం.

ధాన్యం విమానం ఎక్కదు. బరువు ఎక్కువ, ధర తక్కువ. అంబాజీపేట కొబ్బరికాయ ఎక్కదు. రావులపాలెం అరటి గెల ఎక్కదు. ఆకివీడు, కైకలూరు చేప ఐసు డబ్బాల్లో లారీలెక్కి వెయ్యి కిలోమీటర్లకు పైగా కలకత్తా వైపు, అస్సాం వైపు పోతుంది. ఒక్కో లారీలో పది టన్నులకు తక్కువ ఉండదు. ప్రయాణికుల విమానం పొట్టలో పట్టే సరుకు ఏ కొద్ది టన్నులో, ఏటీఆర్‌లో అయితే ఇంకా తక్కువ. భీమవరం రొయ్య గడ్డకట్టించి, కంటైనర్లలో పెట్టి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడ ఎక్కుతుంది. దానికి కావాల్సింది కరెంటు పోని కోల్డ్ స్టోరేజీ, రేవు దాకా గోతులు లేని రోడ్డు.

విమానం ఎక్కగలిగినవి లేకపోలేదు. కడియం పూలు ఉన్నాయి. బతికి ఉన్న పీతలు ఉన్నాయి. హేచరీలకు కావాల్సిన వనామి తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలోనే వస్తాయి. చెన్నైలో దిగి, అక్కడి క్వారంటైన్ కేంద్రంలో ఉండి, ఆ తరవాతే మన తీరానికి చేరతాయి. ఇలాంటి సరుకుకు విమానం నిజంగా మేలు చేస్తుంది. అయితే కడియం నుంచి మధురపూడి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. గంటలో చేరిపోతుంది. అక్కడ సరుకు దించుకునే షెడ్డు, చల్లటి గది, తూకం, తనిఖీ, రోజూ పక్కాగా వెళ్లే విమానం కావాలి. ఇవి ఉంటే కడియం రైతుకు మధురపూడి చాలు. ఇవి లేకపోతే గూడెంలో కట్టినా, కడియం నడివీధిలో కట్టినా ఒకటే. కృషి ఉడాన్ అని 2020లో పథకం ప్రకటించారు, 2021లో దానికి మార్పులు చేశారు. దాని చూపు ముఖ్యంగా ఈశాన్య, కొండ, గిరిజన ప్రాంతాల మీద ఉంది. మన పూలకూ, మన పీతలకూ దానిలో చోటు అడగడం కొత్త రన్‌వే అడగడం కంటే చవక.

భీమవరం వాళ్లు ఒక మాట అంటారు, అది న్యాయమైన మాటే. మాకు మధురపూడి తొంభై కిలోమీటర్లు, గన్నవరం వంద, గూడెం అయితే ముప్పై అయిదే కదా అని. నిజమే, వాళ్లకు గంటో గంటన్నరో కలిసొస్తుంది. కానీ ఆ గంటన్నర రోడ్డులో పోతున్న సమయం. రోడ్డు బాగుచేస్తే సగం తిరిగొస్తుంది, అదీ విమానం ఎక్కేవాళ్లకే కాదు, చేపల లారీకి, ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సుకి, స్కూలు బస్సుకి, అందరికీ. వెయ్యి ఎకరాలు తీసుకుని కొందరికి గంట మిగల్చడమా, రోడ్డు వేసి అందరికీ ముప్పావు గంట మిగల్చడమా? గల్ఫ్‌కు వెళ్లే మన ఆడపడుచుకైతే గూడెం విమానాశ్రయంతో తేడా ఏమీ పడదు. ఆమె ఎలాగూ శంషాబాదో చెన్నయో వెళ్లి విమానం మారాలి.

వెయ్యి ఎకరాలంటే

వెయ్యి ఎకరాలంటే ఎంతో ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు అంకె. మనకు తెలుసు.

డెల్టా మాగాణి అయితే తక్కువలో తక్కువ సార్వాకు ఎకరాకు 28 బస్తాలు, దాళ్వాకు 40 బస్తాలు వేసుకుందాం. ఏడాదికి 68 బస్తాలు. వెయ్యి ఎకరాలకు 68 వేల బస్తాలు, 75 కిలోల బస్తా లెక్కన 5,100 టన్నుల ధాన్యం. ప్రతి ఏడాదీ. నాట్లకూ కలుపులకూ వచ్చే ఆడకూలీల పని, కోత మిషన్ల పని, మిల్లులో హమాలీ పని, గడ్డి మీద బతికే పాడి, ఇవన్నీ ఆ లెక్కలో ఇంకా వేయలేదు. మెట్ట భూమి అయితే ఆయిల్ పామ్, కొబ్బరి, కోకో తోటలు. నాలుగైదేళ్లు పెంచితే గానీ చేతికి రాని తోటలు, ఒక్క నోటీసుతో పోతాయి.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. ఎర్రకాలువ పొంగితే గూడెం, నిడదవోలు, ఉంగుటూరు చేలు ఏమవుతాయో 2024 జులైలో మళ్లీ చూశాం. నాట్లు వేసిన చేలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటి నేల మీద వెయ్యి ఎకరాలు మట్టి పోసి ఎత్తు చేస్తే ఆ నీళ్లు ఎటు పోవాలి? పక్క చేలోకే పోతాయి. భూమి ఇచ్చిన రైతుకు పరిహారం వస్తుంది. పక్కన మునిగిన రైతుకు ఎవరిస్తారు? గన్నవరంలో రన్‌వే పొడిగించడానికి ఏలూరు కాలువనే మళ్లించాల్సి వచ్చింది. మన దగ్గర కాలువలు, బోదెలు, మురుగు కోడులు ఎన్ని మళ్లించాలో ఎవరైనా చూశారా?

ఇంకో సంగతి. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు జంతువధ చేయకూడదని, పక్షులు మూగేలా వ్యర్థాలు వేయకూడదని విమానయాన నిబంధనలు ఉన్నాయి. కొంగలు, నీటికాకులు తిరిగే చేపల చెరువుల మధ్య విమానాశ్రయం పెడితే రేపు ఆ చెరువుల మీద ఏ ఆంక్షలు పెడతారో ముందే చెప్పాలి. విమానాశ్రయం కట్టాక చెరువు పూడ్చమంటే అది రెండోసారి భూసేకరణే, పరిహారం లేని భూసేకరణ.

చట్టం ఏం చెబుతోంది? 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ మదింపు జరపాలంది. రెండు పంటలు పండే సాగునీటి భూమిని వేరే దారి లేనప్పుడే, ఆఖరి ఉపాయంగా తీసుకోవాలంది. 2018లో మన రాష్ట్రం ఆ చట్టానికి సవరణ తెచ్చి, మౌలిక సదుపాయాల ప్రాజెక్టులకు ఈ రెండు రక్షణల నుంచీ మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకుంది. అందుకే మేము ఇప్పుడే, నోటిఫికేషన్ రాకముందే మాట్లాడుతున్నాం.

కౌలు రైతు సంగతి చూడండి. మూడేళ్లుగా ఆ భూమి మీద పనిచేస్తూ, అదే బతుకుతెరువైన కౌలు రైతు కుటుంబాన్ని కూడా ఆ చట్టం బాధిత కుటుంబంగా గుర్తించింది. అయితే మూడేళ్లు చేశానని రుజువు ఎలా? 2019 చట్టం కింద సాగు హక్కు పత్రం కావాలంటే యజమాని సంతకం కావాలి, అదీ పదకొండు నెలలకే. భూమి రేటు పెరుగుతుందన్న మాట పుట్టగానే ఏ యజమాని సంతకం పెడతాడు? మన జిల్లాల్లో చేలో దిగి పండించేవాళ్లలో ఎక్కువ మంది కౌలుదార్లే. విమానాశ్రయం వస్తే మొదట పోయేది వాళ్లే, జాబితాలో చివర కూడా ఉండనిదీ వాళ్లే.

పీకిన పట్టాలు, వేసిన రన్‌వే

మన ప్రాంతానికి దూరం తగ్గించడమంటే ఏమిటో కొత్తగా ఎవరూ నేర్పక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ దొర కాలువలు తవ్వించింది నీళ్లకే కాదు, పడవలకు కూడా. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు కాకినాడ దాకా, ఏలూరు దాకా పోయేవి. చేను గట్టు నుంచి రేవు దాకా ఒకే దారి. ఆ కాలువలను కలుపుతూ 2008లో నాలుగో జాతీయ జలమార్గం అన్నారు. మన కాలువల్లో ఇప్పటికీ సరుకు పడవ కనిపించదు, గుర్రపుడెక్క కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రెండు పనులు జరిగాయి. కాకినాడ-కోటిపల్లి రైలు పట్టాలను 1940లో యుద్ధ అవసరాలకని పీకేశారు. గూడెంలో యుద్ధ విమానాలకని రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది. ఆ పరిసరాల్లోనే ఇవాళ నిట్ కళాశాల ఉంది. పీకేసిన పట్టాలు మళ్లీ వేయడానికి 2004 దాకా పట్టింది. అక్కడి నుంచి గోదావరి పాయలు దాటి అమలాపురం మీదుగా నరసాపురం చేరే 57 కిలోమీటర్ల లైను 2000-01 బడ్జెట్లో మంజూరైంది. పాతికేళ్లు దాటింది. కోనసీమ రైతు ఇంకా రైలు కోసం చూస్తూనే ఉన్నాడు.

57 కిలోమీటర్ల రైలుకు పాతికేళ్లు డబ్బు చాలలేదు. 45 కిలోమీటర్ల దూరంలో రెండో విమానాశ్రయానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రెండింట్లో ఏది ఎక్కువ మంది రైతులకు పనికొస్తుంది?

రైతుకు దూరం అంటే విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కాదు. కళ్లం నుంచి కాటాకు. దాళ్వా కోతల్లో వాన వస్తే, పుంత రోడ్డులో ట్రాక్టరు దిగబడితే, బస్తాలు మిల్లుకు చేరేసరికి తేమ 17 శాతం దాటిందని కోత పెడతారు. ఆ పుంత రోడ్డు రెండు కిలోమీటర్లే. ఆ రెండు కిలోమీటర్లు దాటడానికి ఒక్కోసారి మూడు రోజులు పడుతోంది. మధురపూడి నుంచి ఢిల్లీకి రెండున్నర గంటలు.

మేము అడిగేవి

ఒకటి. గూడెం, తుని-అన్నవరం విమానాశ్రయాల సాధ్యాసాధ్యాల నివేదికలు తెలుగులో, గ్రామ సచివాలయాల్లో పెట్టాలి. మధురపూడి, గన్నవరం, విశాఖల నుంచి ఎంత దూరమో, ఆ విమానాశ్రయాల ప్రయాణికులు ఎంతమంది తగ్గుతారో అందులో ఉండాలి. 150 కిలోమీటర్ల లోపు ఎందుకు కట్టాలో కారణం రాయాలి.

రెండు. 2018 సవరణ వాడకుండా సామాజిక ప్రభావ మదింపు జరపాలి. గ్రామసభ పెట్టాలి. కౌలు రైతులను, కూలీలను ఊరి వాళ్ల సాక్ష్యంతో ఇప్పుడే నమోదు చేయాలి.

మూడు. ఎర్రకాలువ వరద, మురుగు కాలువల మీద పడే ప్రభావాన్ని జలవనరుల శాఖ లెక్క కట్టి, భూసేకరణకు ముందే బయటపెట్టాలి. చెరువుల మీద వచ్చే ఆంక్షలేమిటో కూడా చెప్పాలి.

నాలుగు. మధురపూడిలో పూలకు, పీతలకు, ఇతర సున్నితమైన సరుకుకు చల్లటి గోదాము, సరుకు కౌంటరు పెట్టాలి. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం పక్కనే ఉంది, ప్యాకింగు, నిల్వ మీద రైతులకు శిక్షణ దానికి అప్పగించాలి.

అయిదు. భీమవరం, అమలాపురం నుంచి మధురపూడికి, గన్నవరానికి రోడ్లు బాగుచేయాలి, నేరుగా బస్సులు నడపాలి. కోటిపల్లి-నరసాపురం రైలు పూర్తి చేయడానికి తేదీ ప్రకటించాలి.

ఈ అయిదింటికీ సమాధానం వచ్చాక కూడా విమానాశ్రయం అవసరమే అని తేలితే, రైతులతో కూర్చుని మాట్లాడుకుందాం. సమాధానం ఇవ్వకుండా సర్వే రాళ్లు తెస్తే మాత్రం ఊరుకోం.

సభ్యులకు ఒక మనవి. భూమి అమ్మమని ఎవరైనా అడ్వాన్సుతో వస్తే తొందరపడి సంతకం పెట్టకండి. శాఖ కార్యదర్శికి చెప్పండి. కౌలుకు చేస్తున్నవాళ్లు మీ శిస్తు రసీదులు, ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన కాగితాలు జాగ్రత్త చేసుకోండి, రేపు అవే మీ సాక్ష్యం. ఈసారి గ్రామసభకు అందరూ రండి. అధికారి కుర్చీలో కూర్చోగానే మొదటి ప్రశ్న మనమే వేద్దాం. అయ్యా, గూడెం నుంచి మధురపూడి ఎంత దూరం?